పెట్టెలో 864 పరమాణువులు

1950ల చివర్లో లండన్ బర్క్‌బెక్ కాలేజీ ప్రొఫెసర్ జె.డి. బెర్నల్ పిల్లచేష్టలాంటి పని ఒకటి పెట్టుకున్నాడు. రబ్బరు బంతులు తెచ్చి, రకరకాల పొడవుల పుల్లలతో వాటిని ఒకదానికొకటి గుచ్చుకుంటూ పోవడం. షరతు ఒక్కటే, ఎక్కడా ఒక వరస, ఒక పద్ధతి కనిపించకూడదు. మనిషి చెయ్యి ఊరుకోదు కదా, తెలియకుండానే ముగ్గు చుక్కల్లా సర్దేస్తుంది. అందుకని ఆయన తన ఆఫీసు గదిలోనే ఈ పని పెట్టుకున్నాడు. ఐదు నిమిషాలకొకరు ఏదో ఒక పని మీద వచ్చి కదిలించేవారు. వాళ్లు వెళ్లేసరికి ఏ పుల్ల ఎక్కడ గుచ్చాడో ఆయనకు గుర్తుండేది కాదు. కావలసిందీ అదే. ఆ తర్వాత బాల్ బేరింగ్ గుండ్లు గుట్టగా పోసి, మీద నల్లరంగు ఒలికించి, రంగంతా కారిపోయి ఆరాక, గుండుకీ గుండుకీ తాకిడి ఉన్న చోట మిగిలిన మచ్చలను ఒక్కొక్కటే లెక్కపెట్టే పని సాగింది.

ఇంత తంటా ఒక చిన్న ప్రశ్న కోసం. ద్రవం లోపల ఏముంటుంది, ఎలా ఉంటుంది?

వాయువు సంగతి తేలిక. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద మనుషుల్లా అణువులు దూరదూరంగా తిరుగుతుంటాయి. ఘనపదార్థమూ తేలికే. బడి ప్రార్థనలో పిల్లల్లా వరసల్లో నిలబడతాయి, కదిలినా నిలబడ్డ చోటే కదులుతాయి. ద్రవం మాత్రం మేడారం జాతర. ఒకరినొకరు ఒత్తుకుని ఉంటారు, వరస ఉండదు, ఎవరూ ఉన్న చోట ఉండరు. ఇరవయ్యో శతాబ్దం సగం గడిచినా ఈ జాతరకు భౌతికశాస్త్రం దగ్గర సరైన లెక్క లేదు.

ఆ లెక్కను ఒక అసలైన ద్రవానికి కట్టి, ప్రయోగశాల కొలతల పక్కన నిలబెట్టి చూపించినవాడు హైదరాబాద్‌లో పుట్టిన అనీసుర్ రహ్మాన్. కంప్యూటర్‌తో భౌతికశాస్త్రం చేసేవాళ్లు ప్రపంచమంతటా ఆయన్ను తమ విద్యకు పితామహుడంటారు. హైదరాబాద్‌లో ఆ పేరు తెలిసినవాళ్లు యూనివర్సిటీల ప్రహరీ గోడల బయట ఎంతమంది ఉంటారన్నది వేరే సంగతి.

దారి నిజానికి పాతదే, న్యూటన్ వేసిందే. వస్తువు మీద ఎంత బలం పడుతోందో తెలిస్తే మరుక్షణం అది ఎక్కడుంటుందో చెప్పొచ్చు. పెట్టెలోని పరమాణువులన్నిటికీ ఈ పని చేయాలి, అన్నిటినీ రవ్వంత జరపాలి, మళ్లీ మొదటి నుంచి లెక్క వేయాలి. పెద్ద గణితమేమీ అక్కర్లేదు, కూడికలూ తీసివేతలూ గుణకారాలే. చిక్కంతా సంఖ్యలో ఉంది. 864 పరమాణువులుంటే వాటి మధ్య జతలు 3,72,816. ప్రతి అడుగుకూ ఆ దూరాలు మళ్లీ చూసుకోవాలి. ఎంతమంది గుమాస్తాలను కూర్చోబెట్టినా తెమిలే పద్దు కాదు.

తెమిల్చే యంత్రాలు బాంబుల పుణ్యమా అని వచ్చాయి. 1946లో స్టానిస్లా ఊలమ్ అనే గణితవేత్త జబ్బు పడి, కోలుకుంటూ, పొద్దుపోక పేకముక్కలతో సాలిటైర్ ఆడుకుంటున్నాడు. ఆట గెలిచే అవకాశం ఎంత అని లెక్క కట్టబోతే అది ఎంతకీ తెగలేదు. లెక్క ఎందుకు, వంద ఆటలు ఆడి ఎన్ని గెలిచామో చూస్తే పోదా అనిపించింది. అణుబాంబులో న్యూట్రాన్లు ఎటు పోతాయో తెలుసుకోవడానికీ ఇదే పనికొస్తుందని వెంటనే తట్టింది. జాన్ వాన్ నాయ్‌మన్ దాన్ని అందిపుచ్చుకున్నాడు. 1948లో ఎనియాక్ కంప్యూటర్ మీద ఆ లెక్కలు నడిచాయి. వాటికి కోడ్ రాసింది ఆయన భార్య క్లారా. ఊలమ్ బాబాయి ఒకాయన జూదం పిచ్చితో మాంటీ కార్లో వెళ్లడానికి చుట్టాల దగ్గర అప్పులు చేసేవాడట. సహోద్యోగి నికొలస్ మెట్రోపొలిస్ పద్ధతికి ఆ ఊరి పేరే పెట్టాడు. శాస్త్రంలో ఇంత నిజాయితీగా కుదిరిన పేరు అరుదు.

1953లో మెట్రోపొలిస్, ఏరియానా, మార్షల్ రోజెన్‌బ్లూత్ దంపతులు, ఆగస్టా, ఎడ్వర్డ్ టెల్లర్ దంపతులు కలిసి లాస్ అలమోస్‌లోని మేనియాక్ యంత్రంలో 224 బిళ్లలను ఒక చదును మీద పరిచి, మాంటీ కార్లోతో వాటి గుంపు లక్షణాలు రాబట్టారు. యంత్రానికి ఆ కోడ్ రాసింది ఏరియానా. ఆ పద్ధతి ఇవాళ బ్యాంకుల రిస్కు లెక్కల దాకా పాకింది. అయితే దానికో పరిమితి ఉంది. అది ఫొటోలు ఇస్తుంది, సినిమా ఇవ్వదు. గుంపు సగటున ఎలా ఉంటుందో చెబుతుంది కానీ ఫలానా పరమాణువు ఎటు నుంచి ఎటు నడిచిందో చెప్పదు.

సినిమా తీసే ప్రయత్నం అక్కడే, అదే యంత్రం మీద మొదలైంది. ఎన్రికో ఫెర్మి, జాన్ పాస్టా, ఊలమ్ కలిసి స్ప్రింగులతో కట్టిన గోలీల వరస ఒకటి ఊహించుకుని, దాన్ని మీటి వదిలారు. ఊపు కాసేపటికి వరసంతా చెదిరి సమంగా సర్దుకుంటుందనుకున్నారు. చెదిరినట్టే చెదిరి, కొంతసేపటికి ఇంచుమించు మొదటి రూపానికే తిరిగొచ్చింది! 1955 నాటి ఆ నివేదిక బయటికొచ్చేటప్పటికి ఫెర్మి లేడు. ప్రోగ్రాం రాసి నడిపిన మేరీ త్సింగూకు కృతజ్ఞతల్లో ఒక వాక్యం దక్కింది. అర్ధశతాబ్దం దాటాక గానీ ఆ సమస్య పేరులో ఆమె పేరు కలపాలన్న మాట గట్టిగా వినపడలేదు. లివర్మోర్ లేబొరేటరీలో ఇలాంటి ప్రోగ్రాములే రాసిన మేరీ ఆన్ మాన్సీ కథా ఇంతే. ఆ కాలపు పత్రాల్లో రచయితల వరస కంటే కృతజ్ఞతల పేరా చదివితేనే అసలు పని ఎవరు చేశారో తెలిసేలా ఉంటుంది.

మాన్సీ ప్రోగ్రాములు రాసింది బెర్నీ ఆల్డర్, టామ్ వైన్‌రైట్‌ల కోసం. వీళ్లిద్దరూ 1957లో తీసుకున్నవి గట్టి గుండ్లు. ఒకదాన్నొకటి ఆకర్షించవు, క్యారమ్స్ బిళ్లల్లా ఢీకొని విడిపోతాయి, అంతే. ఒకసారి 32, ఒకసారి 108. వాటిని ఒక హద్దు దాకా ఒత్తిపెడితే వాటంతటవే వరసల్లోకి సర్దుకుని గడ్డకట్టాయి. ఆకర్షణ లేకుండా గడ్డకట్టడమేమిటని పెద్దలు నమ్మలేదు. ఒక సభలో ఈ సంగతి మీద చేతులెత్తించి ఓటు పెడితే సగానికి సగం చీలిపోయారు. ప్రకృతి నియమాలను మెజారిటీతో తేల్చాలనుకోవడం నవ్వొచ్చే పనే. కానీ అప్పటికి కంప్యూటర్ చెప్పినదాన్ని సాక్ష్యంగా తీసుకోవాలా, వద్దా అన్నది ఎవరికీ తెలియదు. అది ప్రయోగం కాదు, సిద్ధాంతమూ కాదు. మూడో మనిషి సాక్ష్యం.

అనీసుర్ రహ్మాన్ 1927 ఆగస్టు 24న హైదరాబాద్‌లో, ఏడో నిజాం ఏలుబడిలో పుట్టాడు. కేంబ్రిడ్జ్‌లో భౌతికశాస్త్రం, గణితం చదివి, బెల్జియంలోని లూవాన్‌లో సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నాడు. 1960లో షికాగో దగ్గరి ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో చేరాడు. ఆ లేబొరేటరీ పేరుకీ ఆర్గాన్ వాయువుకీ చుట్టరికం లేదు; ఇంగ్లీషు స్పెల్లింగే వేరు. కానీ ఆ ఆర్గాన్‌లో కూర్చుని ఈ ఆర్గాన్ మీద చేసిన పనే ఆయన పేరు నిలబెట్టింది.

ఆ రోజుల్లో ద్రవాల మీదికి న్యూట్రాన్లను వదిలి, అవి చెదిరి వచ్చే తీరు కొలవడం కొత్త విద్య. కెనడాలోని చాక్ రివర్‌లో బెర్ట్రమ్ బ్రాక్‌హౌస్ దాన్ని నిలబెట్టాడు, 1994లో నోబెల్ అందుకున్నాడు. న్యూట్రాన్ ఒక పరమాణువును తాకి తిరిగొచ్చిందంటే ఆ పరమాణువు కదలికల కబురు మోసుకొచ్చినట్టే. ఆ కబురు విప్పి చదవడమే కష్టం. రహ్మాన్ కుందన్ సింగ్ సింగ్వీ, ఆల్ఫ్ షోలాండర్‌లతో కలిసి 1962లో కాగితం మీద సిద్ధాంతం కట్టి చూశాడు. కట్టగా కట్టగా తెలిసిందేమిటంటే, ద్రవంలో పరమాణువు నిజంగా ఎలా నడుస్తుందన్నది ఎక్కడో ఒక చోట ఊహించుకోక తప్పడం లేదు. ఊహించుకునే బదులు నడిపించి చూస్తే?

అందుకు ఆయన ఎంచుకున్న సరుకులోనే తెలివంతా ఉంది. ఆర్గాన్ పరమాణువు గుండ్రటి బంతి లాంటిది, ఎవరితోనూ పొత్తు పెట్టుకోదు. మన ఊళ్లలో ఫ్యాబ్రికేషన్ షాపుల బోర్డుల మీద కనిపించే ఆర్గాన్ వెల్డింగ్‌లోనూ దాని పని అదే, వేడి లోహానికి గాలి తగలకుండా అడ్డం నిలబడి, తాను మాత్రం దేనితోనూ కలవకుండా ఉండటం. రెండు ఆర్గాన్ పరమాణువులు కాస్త ఎడంగా ఉంటే మెల్లగా లాక్కుంటాయి, మరీ దగ్గరైతే గట్టిగా తోసుకుంటాయి. ఈ లాగుడు, తోపుడులకు లెనార్డ్-జోన్స్ సూత్రం ముందే ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ద్రవ ఆర్గాన్ మీద అసలైన కొలతలున్నాయి. లెక్క తప్పితే పట్టుకునేవాళ్లున్నారు.

ఇక పెట్టె. ఒక్కో పక్క మూడున్నర నానోమీటర్లు కూడా నిండని ఘనం, అంటే వెంట్రుక మందంలో సుమారు ఇరవై వేలో వంతు. అందులో 864 పరమాణువులు. ఇంత చిన్న పెట్టెలో సగానికి పైగా పరమాణువులు గోడ పక్కనో, గోడకు కాస్త ఎడంగానో ఉంటాయి. అప్పుడు కొలిచేది ద్రవాన్నా, గోడలనా? అందుకని గోడలే తీసేశారు. పాత నోకియా ఫోన్లలో పాము ఆట ఆడినవాళ్లకు ఈ కిటుకు తెలుసు. కుడివైపు బయటికి పోయిన పాము ఎడమవైపు నుంచి లోపలికొస్తుంది. పరమాణువూ అంతే, పైనుంచి పోయింది కింద నుంచి వస్తుంది. 864 అన్న సంఖ్య కూడా గాలివాటంగా వచ్చింది కాదు. ఆర్గాన్ గడ్డకట్టినప్పుడు ఒక్కో చిన్న గడికి నాలుగు పరమాణువుల లెక్కన సర్దుకుంటుంది. పక్కకు ఆరు, లోపలికి ఆరు, ఎత్తుకు ఆరు గడులు పేరిస్తే 216. నాలుగు పెట్టి గుణిస్తే 864. ఆల్డర్ వాడిన 32, 108 కూడా ఈ వంశంలోవే.

ఉష్ణోగ్రత 94.4 కెల్విన్, మన లెక్కలో సున్నాకు కింద 179 డిగ్రీల దగ్గర. ఒక్కో అడుగు సెకనులో వంద లక్షల కోట్లో వంతు. సినిమా రీలులో సెకనుకు 24 బొమ్మలుంటే, ఈ సినిమాలో సెకనుకు 1 పక్కన పద్నాలుగు సున్నాల బొమ్మలు. యంత్రం పేరు సీడీసీ 3600. ఒక్కో మెమరీ బ్యాంకులో 48 బిట్ల పదాలు 32,768, అంటే బ్యాంకుకు రెండువందల కిలోబైట్లకు లోపే. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే పూలబొకే ఫొటో దీనికంటే బరువుంటుంది. సరిగ్గా 1964లోనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు కూడా ఇదే మోడల్ యంత్రం వచ్చింది.

ఆ ఏడాది ఫిజికల్ రివ్యూలో రహ్మాన్ పత్రం అచ్చయింది. రచయిత పేరు ఒక్కటే. ఒక పరమాణువు చుట్టూ మిగతావి ఎంతెంత దూరంలో ఎన్నెన్ని ఉంటాయన్న లెక్క అసలు కొలతలతో చక్కగా సరిపోయింది. పరమాణువు ఎంత వేగంగా చోటు మారుతుందన్న లెక్క మాత్రం ప్రయోగంలో వచ్చినదానికంటే 15 శాతం తక్కువొచ్చింది. ఆ 15 శాతాన్ని ఆయన లోపలి పేజీల్లో ఎక్కడో దాచలేదు, పత్రం మొదట్లో ఇచ్చే సారాంశంలోనే రాసేశాడు.

అన్నిటికంటే కొత్త సంగతి ఒక గీతలో బయటపడింది. ఒక పరమాణువు ఇప్పుడు పోతున్న దిక్కును కాసేపటి తర్వాత ఎంతవరకు గుర్తుంచుకుంటుంది? మెల్లమెల్లగా మరిచిపోతుందనీ, గీత నెమ్మదిగా సున్నాకు దిగుతుందనీ పాత ఊహ. రహ్మాన్ గీత సున్నా దగ్గర ఆగకుండా కిందికి దిగింది. అంటే పరమాణువు దిక్కు మరిచిపోవడమే కాదు, వెనక్కి కూడా వస్తోంది. మేడారం గద్దెల దగ్గరి తోపులాటలో నిలబడ్డవాళ్లకు ఇది వింతగా ఉండదు. ముందుకు తోసుకుపోయినవాణ్ని ముందున్న జనమే వెనక్కి నెడతారు. బెర్నల్ గుండ్ల గుట్టలో మచ్చలు కనపడ్డాయి గానీ ఈ వెనకడుగు కనపడే వీల్లేదు. గుట్ట కదలదు కదా.

ఇక్కడ ఒక పక్కదారి. ఇదే కాలంలో ఇంజినీర్లు వేరే బాట తొక్కారు. విమానం రెక్కనో, ఆనకట్టనో చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి, ముక్క ముక్కకూ లెక్క వేసి కలపడం. 1956లో బోయింగ్‌కు చెందిన జాన్ టర్నర్, బర్క్‌లీ ప్రొఫెసర్ రే క్లఫ్ తదితరుల పత్రంతో అది ఊపందుకుంది. ఫైనైట్ ఎలిమెంట్ అన్న పేరు 1960లో క్లఫ్ పెట్టిందే. ఈ విద్యలో తెలుగువాళ్ల చెయ్యి పెద్దది. గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి, వరంగల్ ప్రాంతం నుంచి వెళ్లిన జె.ఎన్. రెడ్డి ప్రపంచమంతా ఎరిగిన పేర్లు. 1984లో వచ్చిన రెడ్డి పాఠ్యపుస్తకం పట్టుకోని మెకానికల్ ఇంజినీరింగ్ పీజీ విద్యార్థి అరుదు. అయితే ముక్కలు ఎంత చిన్నగా కోయాలో తేల్చేది మనిషే. నార్వే తీరంలో స్లైప్నర్ గ్యాస్ క్షేత్రం కోసం కట్టిన కాంక్రీటు పీఠానికి గోడలు కలిసే మూల దగ్గర ముక్కలు మొరటుగా కోశారు. అక్కడ పడే కోత బలాన్ని కంప్యూటర్ 47 శాతం తక్కువ చేసి చూపించింది. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గర నీళ్లలోకి దించుతుండగా గోడ చీలి మొత్తం మునిగిపోయింది. అడుగున పడ్డ దెబ్బ భూకంప కేంద్రాల్లో 3 తీవ్రతగా నమోదైంది. తర్వాత ముక్కలు సన్నగా కోసి మళ్లీ లెక్క కడితే, 62 మీటర్ల లోతులో గోడ పగలాలని వచ్చింది. అసలు పగిలింది 65 మీటర్ల దగ్గర. ఇంత బాగా చెప్పగలిగిన యంత్రాన్ని మొదటిసారి సరిగ్గా అడగలేదు, అంతే. రహ్మాన్ తన 15 శాతాన్ని ముందే బయటపెట్టడం ఎంత పెద్ద సంగతో ఇలాంటివి చూశాకే తెలుస్తుంది.

ఆర్గాన్ పత్రం వచ్చాక ఆ వృత్తికి ఒక ఆచారంలాంటిది ఏర్పడింది. 1967లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూ వెర్లే తన లెక్కలకు మళ్లీ 864 పరమాణువులనే తీసుకున్నాడు. ఆయన చేర్చిన ఉపాయం ఒకటి చెప్పి తీరాలి. ప్రతి అడుగుకూ 3,72,816 జతలు చూడనక్కర్లేదు. ఇరుగుపొరుగు ఎవరో చీటీ రాసి పెట్టుకుని, కొన్ని అడుగులకోసారి ఆ చీటీ మారిస్తే చాలు. ఓటర్ల జాబితా రోజూ సవరించరు కదా.

రహ్మాన్ మాత్రం అప్పటికే నీళ్ల వైపు చూస్తున్నాడు.

నీళ్లు ఆర్గాన్ లాంటి బుద్ధిమంతుడు కాదు. అణువుకు ఆకారం ఉంది, ఒక వైపు రుణ విద్యుదావేశం, ఒక వైపు ధన విద్యుదావేశం, పక్కవాడి చెయ్యి ఏ కోణంలో పట్టుకోవాలన్న పట్టింపు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్రాంక్ స్టిలింజర్‌తో కలిసి 1971లో ఆయన 216 నీటి అణువులను పెట్టెలో పోశాడు. అక్కడా ఆరు ఆర్ల ఘనమే. ఉష్ణోగ్రత 34.3 డిగ్రీలు, హైదరాబాద్‌లో మార్చి మధ్యాహ్నం లాంటిది. నీళ్లంటే చిన్నచిన్న మంచు ముక్కలు, వాటి మధ్య విడిగా తిరిగే అణువులు అని చాలాకాలంగా ఒక ఊహ ఉండేది. పెట్టెలో మంచు జాడ కనపడలేదు. కనపడింది ఒక వల. ఎక్కడికక్కడ లాగి పట్టినట్టున్న, చిక్కుపడ్డ, ఏ స్ఫటికాన్నీ పోలని హైడ్రోజన్ బంధాల వల. చెంబులో నీళ్లలో ఏముందో అణువు అణువునా చూపించే లెక్కకు, మనిషి నీళ్లు తాగడం మొదలుపెట్టిన ఇన్ని వేల ఏళ్లకు మొదటి రూపం వచ్చింది.

అక్కడి నుంచి నీళ్లలో మునిగిన జీవపదార్థం ఎంతో దూరం కాదు. 1977లో ఆండ్రూ మెకామన్, బ్రూస్ గెలిన్, మార్టిన్ కార్‌ప్లస్ ఒక చిన్న ప్రొటీన్‌ను కంప్యూటర్‌లో కదిలించారు, నీళ్లు లేకుండానే. 1979లో పీటర్ రాస్కీ, కార్‌ప్లస్‌లతో కలిసి రహ్మాన్ ప్రొటీన్ తునకలాంటి అణువును నీళ్లలో ముంచి లెక్క కట్టాడు. కార్‌ప్లస్‌కు 2013లో మైకెల్ లెవిట్, ఆరియే వార్షెల్‌లతో పాటు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

రహ్మాన్ పనుల్లో మరొకటి 1980 నాటిది. అప్పటిదాకా పెట్టె అంటే పెట్టే, ఆకారం మారదు. ఇటలీ నుంచి వచ్చిన మికేలే పరినెల్లో, ఆయనా కలిసి పెట్టెకే ప్రాణం పోశారు. లోపలి పరమాణువులు ఎటు తోస్తే అటు సాగుతుంది, వాలుతుంది, నలుచదరం కాస్తా ఏటవాలుగా అయిపోతుంది. దాంతో ఒత్తిడి పెంచితే ఒక స్ఫటికం ఇంకో స్ఫటికంగా ఎలా మారుతుందో చూసే వీలు చిక్కింది. భూగర్భంలోని రాళ్ల మీదా, కొత్త లోహాల మీదా పనిచేసేవాళ్లు ఆ ఇద్దరి పేర్లనూ ఇప్పటికీ ఒకే మాటగా పలుకుతారు.

1985లో రహ్మాన్ మిన్నెసోటా యూనివర్సిటీకి, అక్కడి సూపర్ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు మారాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1987 జూన్ 6న కన్నుమూశాడు. అరవై నిండలేదు. అమెరికన్ ఫిజికల్ సొసైటీ 1993 నుంచి కంప్యుటేషనల్ ఫిజిక్స్‌లో ఆయన పేరిట బహుమతి ఇస్తోంది. 1995లో దాన్ని రొబెర్తో కార్‌తో కలిసి అందుకున్నవాడు పరినెల్లో.

ఇవాళ ఈ విద్య నేర్చుకునేవాళ్ల చేత చాలాచోట్ల మొదట చేయించే లెక్క ఆర్గానే. కుర్రవాళ్ల ల్యాప్‌టాప్‌లో 864 పరమాణువుల లెక్క చాయ్ చల్లారేలోపు అయిపోతుంది. తెర మీద గీత వస్తుంది. పైనుంచి మొదలై జారుతుంది, ఒక పికోసెకను గడవకముందే సున్నా దాటి కిందికి వెళుతుంది. కొత్తగా చేసేవాళ్లు అక్కడ ఆగి, ఏదో తప్పు చేశామని ప్రోగ్రాం మళ్లీ మొదటి లైను నుంచి వెతకడం మొదలుపెడతారు. అప్పుడు ఎవరో ఒకరు 1964 పత్రం తీసి ముందు పెడతారు.